ఎండలో చదవగలిగే నడక యాప్: తిరుపతి కొండదారుల ప్రాజెక్టు డైరీ

కొండదారుల్లో నడిచేటప్పుడు ఒంటిచేత్తో పట్టుకుని చూసుకునే ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ తయారీ గురించిన డైరీ ఇది. ఇలాంటిదే చేయదలచుకున్నవారు ఇందులోని కొలతలను నేరుగా వాడుకోవచ్చు. పనికిరాని పద్ధతులు ఏవో, అవి ఎందుకు పనికిరావో కూడా రాస్తున్నాను. యాప్ పేరు ప్రస్తుతానికి ‘కాలిబాట’.

నా ఉద్యోగం ఇంటర్‌ఫేస్ ప్రోగ్రామింగ్. తిరుపతిలో ఇంటి నుంచే పని చేస్తాను, ఉదయం 9:30కి టీమ్ మీటింగ్ ఉంటుంది. అందువల్ల పరీక్షలన్నీ తెల్లవారుజామున అలిపిరి మెట్ల మీదా శ్రీవారి మెట్టు దారిలోనూ, ఆదివారాల్లో చంద్రగిరి, తలకోనల్లోనూ జరిగాయి. కోడ్ పని రాత్రి భోజనం తర్వాత. ఆఫీసులో నేను తయారు చేసే తెరలను నీడపట్టున కుర్చీలో కూర్చున్నవారు చూస్తారు. ఇక్కడ చూసేది మెట్లెక్కుతూ, చెమటతో తడిసిన బొటనవేలితో, ఎండకు కళ్ళు చికిలించుకునే మనిషి. కాబట్టి బల్ల దగ్గర తీసుకున్న ఏ నిర్ణయాన్నీ దారి మీద కొలిచి చూడకుండా ఖాయం చేయకూడదన్నది ఈ పనికి పెట్టుకున్న నియమం.

యాప్ మూడు ప్రశ్నలకు మాత్రమే జవాబివ్వాలి: ఎంత దూరం వచ్చాను, ఎంత ఎత్తు ఎక్కాను, చీకటి పడేలోగా తిరిగి రావాలంటే ఎన్ని గంటలకు వెనక్కి మళ్ళాలి. సిగ్నల్ లేని చోట కూడా పని చేయాలి. అక్షరాలన్నీ తెలుగులో ఉండాలి.

మొదటి దశ: వెబ్ పేజీ, దాన్ని వదిలేయడానికి కారణం

చేతికి అలవాటైన పని కాబట్టి ముందుగా వెబ్ యాప్‌గానే కట్టాను. నెట్ లేకపోయినా తెరుచుకోవడానికి సర్వీస్ వర్కర్, నడక వివరాలు దాచుకోవడానికి ఇండెక్స్‌డ్ డీబీ, స్థానం తెలుసుకోవడానికి బ్రౌజర్‌లోని జియోలొకేషన్ వాడాను.

మొదటి అడ్డంకి ఇంట్లోనే ఎదురైంది. ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న పేజీని వైఫై అడ్రసుతో ఫోనులో తెరిస్తే బ్రౌజర్ స్థానం ఇవ్వలేదు. సురక్షితమైన కనెక్షన్ లేని పేజీకి స్థానం చెప్పకూడదన్న నిబంధన దీనికి కారణం. అయితే లోకల్‌హోస్ట్‌కు, అంటే పరికరం తనను తానే పిలుచుకునే అడ్రసుకు, ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. దాన్ని ఇలా వాడుకోవచ్చు:

1. ఫోనులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, డేటా వెళ్ళే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలపాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ ఇక్కడ ఉపయోగపడదు.
2. ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ‘ఏడీబీ’ సాధనంలోని ‘ఏడీబీ రివర్స్’ ఆదేశంతో ఫోనులోని పోర్టును ల్యాప్‌టాప్‌లోని పోర్టుకు జతచేయాలి.
3. ఫోను బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అడ్రసే తెరవాలి.

అసలు వైఫల్యం అలిపిరి దారిలో బయటపడింది. ఫోను జేబులో పెట్టుకుని, తెర ఆరిపోగానే స్థానం రావడం ఆగిపోయింది. తెర ఆరిన తర్వాత బ్రౌజర్ వెబ్ పేజీకి స్థానం ఇవ్వదు. దాన్ని తప్పించే వెబ్ దారి లేదు. తెర ఆరకుండా పట్టి ఉంచే వేక్ లాక్ పెట్టి చూస్తే స్థానం వచ్చింది కానీ, పూర్తి వెలుగులో గంటకు 18 శాతం బ్యాటరీ ఖర్చయింది. తలకోనకు వెళ్ళి వచ్చే ఐదారు గంటల బయట తిరుగుడుకు ఇది సరిపోదు. పైగా అక్కడ ఫోను ఆగిపోతే దారి తెలియకపోవడంతో పాటు, అవసరానికి మాట్లాడే సాధనం కూడా పోతుంది.

అక్కడితో వెబ్ రూపాన్ని ఆపేసి, ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్ భాషలో, తెరలు కట్టే జెట్‌ప్యాక్ కంపోజ్ సాధనంతో మళ్ళీ మొదలుపెట్టాను. స్థానం నమోదు చేసే పనిని, తెర ఆరినా నడుస్తూ ఉండే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌కు అప్పగించాను. నడక మొదలుపెట్టే బటన్‌ను యాప్ తెరపై కనబడుతుండగానే నొక్కుతాం కాబట్టి, ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న అనుమతి సరిపోయింది. ‘ఎల్లప్పుడూ’ అన్న అనుమతి అడగనక్కరలేదు. ఇది చిన్న విషయం కాదు. ఎక్కడికి వెళ్ళినా నా స్థానం చూసుకో అని ఒక యాప్‌కు రాసివ్వడానికి చాలామంది ఇష్టపడరు, ఇష్టపడకూడదు కూడా.

ఇప్పటిదాకా లెక్క: యాప్ పరిమాణం 3.1 ఎంబీ. బ్యాటరీ గంటకు 8 శాతం, సెకనుకు ఒకసారి స్థానం తీసుకుంటే. ఐదు సెకన్లకు ఒకసారి తీసుకుంటే 5 శాతం. ఖర్చు కేబుల్‌కు 250 రూపాయలు.

రెండో దశ: కదలకుండానే పెరిగే దూరం

అలిపిరి పాదాల మండపం దగ్గర ఫోనును అరుగు మీద పెట్టి అరగంట అలాగే వదిలేశాను. ఫోను అంగుళం కదలలేదు. యాప్ మాత్రం 430 మీటర్లు నడిచినట్టు చూపించింది. జీపీఎస్ ఇచ్చే ప్రతి బిందువూ అసలు చోటు చుట్టూ కొద్దిగా అటూఇటూ జరుగుతూ ఉంటుంది. వరుస బిందువుల మధ్య దూరాలను కూడుకుంటూ పోతే ఆ చిన్న కదలికలన్నీ నడకగా లెక్కకొస్తాయి. మెట్లదారిలో జనం కూర్చుని సేదతీరే సమయం ఎక్కువ కాబట్టి, ఈ దోషం చదునైన రోడ్డు మీదకన్నా ఇక్కడే పెద్దది.

మూడు వడపోతలు పెట్టాను:

1. ప్రతి బిందువుతో పాటు ఫోను చెప్పే ఖచ్చితత్వం (ఎన్ని మీటర్ల దోషం ఉండవచ్చన్న అంచనా) 25 మీటర్లకన్నా అధ్వానంగా ఉన్న బిందువును వదిలేయాలి.
2. చివరిగా ఒప్పుకున్న బిందువు నుంచి కనీసం 8 మీటర్లు జరిగితేనే కొత్త బిందువును ఒప్పుకోవాలి. ఖచ్చితత్వంలో సగం 8 కన్నా ఎక్కువైతే, ఆ సగాన్నే హద్దుగా తీసుకోవాలి.
3. సెకనుకు 3.5 మీటర్లు దాటిన వేగం వస్తే ఆ బిందువును పక్కన పెట్టాలి.

ఇవి పెట్టాక అదే అరుగు మీద అరగంటకు 17 మీటర్లు వచ్చింది.

మొదటి వడపోతలో ఒక సంగతి గమనించాలి. వెబ్ ప్రమాణం ప్రకారం ఖచ్చితత్వం అంటే, అసలు స్థానం బిందువు చుట్టూ అన్ని మీటర్ల వ్యాసార్థపు వృత్తంలో ఉండే అవకాశం 95 శాతం. ఆండ్రాయిడ్ నిర్వచనంలో అది 68 శాతం మాత్రమే. అదే దోషానికి రెండు చోట్లా రెండు సంఖ్యలన్నమాట. వాటి నిష్పత్తి సుమారు 1.6. వెబ్ రూపంలో పెట్టిన 40 మీటర్ల హద్దును అలాగే తెచ్చిపెట్టుకుంటే ఆండ్రాయిడ్‌లో అది మరీ వదులైపోతుంది. అందుకే 1.6తో భాగించి 25 చేశాను.

అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. వడపోతకు ముందు యాప్ 10.8 కిలోమీటర్లు చూపేది, తర్వాత 8.6 చూపింది. మిగిలిన తేడాకు కారణం పైకప్పు. భక్తులకు ఎండా వానా తగలకుండా దారి పొడవునా వేసిన కప్పు, ఉపగ్రహాల సిగ్నల్‌ను కూడా అడ్డుకుంటుంది. కప్పు కింద వచ్చే బిందువుల్లో చాలావరకు మొదటి వడపోతలోనే పోతాయి, దాంతో మలుపుల దగ్గర దారి కురచ అవుతుంది. దీన్ని లెక్కలతో సరిదిద్దే ప్రయత్నం వదిలేసి, ‘గుర్తు’ అనే బటన్ పెట్టాను. గాలిగోపురం, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం, మోకాళ్ళ పర్వతం లాంటి తెలిసిన చోట్లు చేరినప్పుడు దాన్ని నొక్కితే యాప్ అక్కడి నుంచి లెక్క సరిచేసుకుంటుంది. ఈ దారి తెలిసినవారు ‘ఎన్ని కిలోమీటర్లు వచ్చాం’ అని అడగరు, ‘గాలిగోపురం దాటామా’ అని అడుగుతారు. కాబట్టి బటన్ కొలతకూ పనికొచ్చింది, మనుషుల లెక్కకూ దగ్గరైంది.

మూడో దశ: ఎత్తు

ఎక్కువ రాత్రులు తీసుకున్న దశ ఇదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది. మా మేడ మీద ఫోను 70 చిల్లర చూపించింది. సిగ్నల్ బాగున్న చోట, ఎంతసేపు ఆగినా అదే సంఖ్య. ఫోను చెడిపోలేదు. జీపీఎస్ కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి లెక్కల్లో ప్రతినిధిగా తీసుకునే ఒక నున్నటి దీర్ఘగోళం నుంచి. అసలు సముద్రమట్టం గురుత్వాకర్షణను బట్టి ఒక చోట ఆ దీర్ఘగోళానికి పైన, మరో చోట కింద ఉంటుంది. ప్రపంచంలో అది అన్నిటికన్నా ఎక్కువగా, సుమారు 106 మీటర్లు కిందికి దిగే చోటు మన దక్షిణాన హిందూ మహాసముద్రంలోనే ఉంది. దాని ప్రభావం తిరుపతి దాకా ఉండటం వల్ల ఇక్కడ తేడా 80 మీటర్లకు పైనే. ఈ తేడా దాదాపు లేని దేశాల్లో రాసిన నమూనా కోడ్‌ను తెచ్చి వాడితే ఇక్కడ పట్టణమంతా పల్లంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆండ్రాయిడ్ 14 నుంచి ఈ సవరణ వ్యవస్థలోనే ఉంది. నా ఫోను అంతకన్నా పాతది. దానికి ఇంకో దారి: జీపీఎస్ చిప్ పంపే ముడి వాక్యాల్లో ‘జీజీఏ’ అనే దానిలో సముద్రమట్టపు ఎత్తు, దీర్ఘగోళంతో తేడా రెండూ విడివిడిగా ఉంటాయి. ఆ తేడాను నడక మొదట్లో ఒకసారి చదివి, ఆ నడకంతా అదే వాడుతున్నాను. 20 కిలోమీటర్ల పరిధిలో అది గమనించదగ్గంతగా మారదు.

తర్వాతి చిక్కు ఎక్కిన ఎత్తు మొత్తం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తు తేడా 700 మీటర్లకు కాస్త తక్కువ. దారి మధ్యలో దిగుళ్ళు ఉన్నాయి కాబట్టి ఎక్కిన మొత్తం దానికన్నా కొంత ఎక్కువ రావచ్చు. జీపీఎస్ ఎత్తులను ఉన్నవి ఉన్నట్టు కూడితే 1,480 మీటర్లు వచ్చింది. దూరంలో ఉన్న జబ్బే ఇక్కడా ఉంది, పైగా జీపీఎస్‌లో ఎత్తులో వచ్చే దోషం నేల మీద స్థానంలో వచ్చే దోషంకన్నా పెద్దది. అందుకని ఫోనులో గాలి పీడనం కొలిచే బారోమీటర్‌కు మారాను. మూడు మెట్లు ఎక్కినా అది పసిగడుతుంది.

అయితే దానికీ దాని ఇబ్బందులున్నాయి. ఆఫీసు పని చేసుకుంటూ ఫోనును బల్ల మీద పెట్టి రోజంతా పీడనం నమోదు చేశాను. ఉదయం 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా ఉన్న పీడనం సాయంత్రం 4 గంటలకు దాదాపు 3 హెక్టోపాస్కల్‌లు (పీడనం కొలత) పడిపోయింది. వాతావరణంలో తేడా ఏమీ లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. ఉష్ణమండలంలో గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, సముద్రపు పోటుపాటుల మాదిరిగా. మన వేడికి ఒక హెక్టోపాస్కల్ అంటే ఇంచుమించు 9 మీటర్లు. అంటే కుర్చీలో కూర్చున్న మనిషి మీటింగుల మధ్య 27 మీటర్ల కొండ ఎక్కినట్టు యాప్ రాసుకుంది.

రెండో దోషం సూత్రంలో ఉంది. పీడనం నుంచి ఎత్తు లెక్కగట్టే ఆండ్రాయిడ్ ఫంక్షన్, సముద్రమట్టం దగ్గర గాలి 15 డిగ్రీలు ఉంటుందన్న ప్రామాణిక వాతావరణాన్ని అనుసరిస్తుంది. తిరుపతిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చల్లదనం అరుదు. వేడి గాలి పలచన, అందువల్ల అదే పీడనం తేడాకు అసలు ఎత్తు ఎక్కువ. సగటున 15 డిగ్రీలు తేడా ఉంటే దోషం 5 శాతం. తిరుమల ఎక్కుడులో అది 35 మీటర్లు.

చివరికి నిలబడిన పద్ధతి:

1. కొద్దిసేపటి మార్పులకు బారోమీటర్‌ను నమ్మాలి.
2. దీర్ఘకాలపు జారుడును సరిచేయడానికి జీపీఎస్ ఎత్తును నెమ్మదిగా కలపాలి. కాలపరిమితి 10 నిమిషాలు పెట్టాను. 2 నిమిషాలు పెడితే జీపీఎస్ కుదుపులు లోపలికి వచ్చాయి, 30 పెడితే సవరణ అందేలోగా నడక సగం అయిపోయింది.
3. గాలి వేడిమిని నడక మొదట్లో మనమే ఎంచుకోవాలి. ఫోనులోని ఉష్ణోగ్రత కొలత బ్యాటరీ వేడినే చెబుతుంది కాబట్టి వాడలేదు.
4. చివరి శిఖరం లేదా పల్లం నుంచి 5 మీటర్లు మారితేనే ఎక్కుడుగా లెక్కించాలి.

అలిపిరి నుంచి తిరుమలకు ఇప్పుడు వస్తున్నది 720 నుంచి 745 మీటర్ల మధ్య. దీన్ని ఇంకా బిగించవచ్చు కానీ, నడిచేవారికి ఆ పాతిక మీటర్లతో పని లేదు.

ఇప్పటిదాకా లెక్క: పరిమాణం 3.2 ఎంబీ. బ్యాటరీ గంటకు 5 శాతం, బారోమీటర్ వల్ల పెరగలేదు. ఖర్చు 250 రూపాయలే.

నాలుగో దశ: ఎండలో తెర

మొదటి రూపంలో పెద్ద అంకెలు నలుపులో, వాటి కింద వివరాలు 767676 అనే కోడ్ ఉన్న బూడిద రంగులో, వెనుక తెలుపు. తెలుపు మీద ఆ బూడిదకు కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగుల నిష్పత్తి) 4.54. వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు మామూలు అక్షరాలకు అడిగే కనిష్ఠం 4.5 కాబట్టి, తనిఖీ సాధనం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

వారానికోసారి కొండెక్కే మా పెదనాన్నకు ఫోను ఇచ్చి, శ్రీవారి మెట్టు మొదట్లో నిలబడి చదవమన్నాను. ఆయన ఫోనును ఇటూ అటూ తిప్పి, భుజం మీది తువ్వాలు తీసి తలమీదుగా తెర మీదికి కప్పుకుని, అందులోకి తొంగి చూశారు. “నంబర్లయితే కనిపిస్తా ఉండాయి నాయనా, కింద సన్నంగా ఏందో రాసినావే, అది మాత్రం కనపళ్ళేదు” అన్నారు. “మారుస్తా పెదనాన్నా, తువ్వాలు తీసి ఇంకోసారి చూడండి” అంటే, తువ్వాలు లేకుండా అంకెలు కూడా కష్టమేనన్నారు.

ఎందుకలా జరుగుతుందో లెక్కగట్టి చూశాను. ఎండ నేరుగా పడే చోట వెలుగు ఇంచుమించు లక్ష లక్స్ (మీద పడే వెలుగు కొలత). తెర దానిలో 5 శాతం చెదరగొట్టి తిప్పికొడుతుందనుకుంటే, ఆ ప్రతిఫలనమే సుమారు 1,590 నిట్స్ (తెర నుంచి వచ్చే వెలుగు కొలత). ఫోను తెర సొంత వెలుగు 500 నిట్స్ అనుకుందాం. తెలుపు 2,090, నలుపు 1,590, నిష్పత్తి 1.3. అంటే గదిలో 21 ఉన్న నలుపు తెలుపుల కాంట్రాస్ట్ ఎండలో 1.3కు పడిపోతుంది. చెట్టు నీడలో వెలుగు పది వేల లక్స్ అనుకుంటే అదే నలుపు తెలుపులకు 4.1 వస్తుంది, బూడిద అక్షరాలకు 2.6 మాత్రమే.

ఈ లెక్క నుంచి తెర రూపం మొత్తం మారింది.

బూడిద రంగు పూర్తిగా తీసేశాను. ప్రాధాన్యం తక్కువని చెప్పడానికి రంగు పలచన చేయడం ఆఫీసు తెరల అలవాటు. ఇక్కడ ప్రాధాన్యాన్ని పరిమాణం, చోటు మాత్రమే చెబుతాయి. నల్లటి నేపథ్యపు రూపాన్ని పగటిపూట ఎంచుకునే వీలు కూడా తీసేశాను, ఎందుకంటే నల్లటి తెర ఎండలో అద్దంలా మారి మన ముఖాన్నే చూపిస్తుంది. కాంట్రాస్ట్ తక్కువైనప్పుడు కంటికి ఆసరా లావు, పొడవు మాత్రమే కాబట్టి ముఖ్యమైన అంకెను 64 ఎస్‌పీకి (ఆండ్రాయిడ్‌లో అక్షరాల పరిమాణపు కొలత) పెంచి, బొద్దు అక్షరాలు పెట్టాను. ఒక తెర మీద ఒకే పెద్ద అంకె ఉంటుంది, పక్కకు జరిపితే తర్వాతిది వస్తుంది. మూడు అంకెలూ ఒకే చోట చూపించాలన్న మొదటి ఆలోచన దీనితో పోయింది. అది పోయినందుకు చింత లేదు.

బటన్ల సంగతి. ఆండ్రాయిడ్ సూచించే కనీస పరిమాణం 48 డీపీ. అంగుళానికి 160 డీపీ లెక్కన అది 7.6 మిల్లీమీటర్లు. కూర్చుని నొక్కితే బాగానే ఉంది. మెట్లెక్కుతూ నొక్కితే తరచుగా పక్క బటన్ తగిలింది, అడుగు వేసిన ప్రతిసారీ చేయి కూడా కదులుతుంది కాబట్టి. 72 డీపీ, అంటే 11.4 మిల్లీమీటర్లు చేసి, మధ్యలో 16 డీపీ ఖాళీ వదిలాక ఆ ఇబ్బంది దాదాపు పోయింది. చెమట చుక్క పడినా తెర దాన్ని స్పర్శగా తీసుకోగలదు కాబట్టి, ‘నడక ముగించు’ అన్న ఒక్క బటన్‌కు మాత్రం సెకనుపాటు నొక్కి పట్టుకోవాలన్న షరతు పెట్టాను.

ఐదో దశ: తెలుగు అక్షరాలు తెగిపోవడం

చోట్ల పేర్ల జాబితాలో రెండు లోపాలు కనిపించాయి.

మొదటిది వరుసల ఎత్తు. అంకెలకు సరిపోయేలా పెట్టిన 1.15 రెట్ల వరుస ఎత్తులో ‘మోకాళ్ళ పర్వతం’లోని ళ వత్తు అడుగుభాగం కోసుకుపోయింది. ‘శ్రీవారి మెట్టు’లో ట వత్తు కింది వరుస గుడికి తగిలింది. 1.6 రెట్లకు పెంచాను. జాబితాలో ఒకేసారి కనిపించే పేర్లు తగ్గాయి కానీ, చదవలేని ఆరు పేర్లకన్నా చదవగలిగే నాలుగు మేలు.

రెండోది పేరు కురచ చేయడం. ‘శ్రీవారి మెట్టు’ అన్న పేరులో మన కంటికి అయిదు అక్షరాలు: శ్రీ, వా, రి, మె, ట్టు. కంప్యూటర్ లెక్కలో మధ్య ఖాళీతో కలిపి 15 గుర్తులు. 12 గుర్తుల దగ్గర కోస్తే ‘శ్రీవారి మెట’ మిగిలింది, 13 దగ్గర కోస్తే ‘శ్రీవారి మెట్’. అక్షరాల సరిహద్దులు చెప్పే బ్రేక్ ఇటరేటర్ వాడితే సరిపోవాలి. కానీ కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్ పాత నియమాల్లో పొల్లు దగ్గర సరిహద్దు ఉన్నట్టే లెక్క, అంటే ‘శ్రీ’ రెండు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో తెలుగు సంయుక్తాక్షరం మొత్తం ఒకే ముక్కగా లెక్కించే నియమం చేరింది. పాత ఫోన్లలో పాత నియమాలే ఉంటాయి కాబట్టి చిన్న సవరణ రాశాను:

1. పేరును ముందు బ్రేక్ ఇటరేటర్‌తో ముక్కలు చేయాలి.
2. ఒక ముక్క పొల్లుతో ముగిసి, తర్వాతి ముక్క హల్లుతో మొదలైతే రెండింటినీ కలిపేయాలి.
3. తర్వాత ఖాళీ గానీ పేరు ముగింపు గానీ ఉంటే కలపకూడదు. ‘బస్టాప్’ లాంటి పొల్లుతో ముగిసే పదాలు అప్పుడు చెడిపోవు.

అంకెలకు తెలుగు అంకెలు పెట్టలేదు. తిరుపతిలో బస్సు నంబరు, ధరల పట్టిక, దర్శనం టికెట్ అన్నీ 1, 2, 3 అంకెల్లోనే చదువుతాం. నడుస్తూ అరక్షణంలో చదవాల్సిన చోట అలవాటైనదే ఉండాలి.

ఆరో దశ: పటం, తలకోన

పటం విషయంలో తొందరగానే నిర్ణయానికి వచ్చాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్ల నుంచి పటపు పలకలను పెద్దమొత్తంలో దింపుకోవడాన్ని వారి నిబంధనలు ఒప్పుకోవు. వారి డేటా మాత్రం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, మూలాన్ని పేర్కొనాలి. కావాల్సిన ప్రాంతానికి దారులు, వాగులు మాత్రమే కత్తిరించి, డగ్లస్–ప్యూకర్ పద్ధతిలో 5 మీటర్ల హద్దుతో బిందువులు తగ్గించి, గీతలుగా గీస్తున్నాను. మొదట ఒక్కో ఫ్రేముకు, అంటే తెరను ఒకసారి గీయడానికి, 28 మిల్లీసెకన్లు పట్టేది. గీతలను ఒకసారి తయారుచేసి దాచుకున్నాక 6కు దిగింది. సెకనుకు 60 సార్లు మారే (60 హెర్ట్జ్) తెరకు ఫ్రేముకు ఉన్న గడువు 16.7.

ఒక హద్దు ఖచ్చితంగా పాటిస్తున్నాను. శేషాచలం అడవిలో అనుమతి లేని దారులను పటంలో చూపించను, నమోదైన నడకలను బయటికి పంపే సౌకర్యం పెట్టను. అది 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన ప్రాంతం, ఎర్రచందనం పెరిగే అడవి. అక్కడ కొత్త కాలిబాటలు జనానికి తెలియడం వల్ల అడవికి మేలు జరగదు.

తలకోన జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయినది. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. లోయలోకి దిగేసరికి ఫోనులో సిగ్నల్ పోయింది. యాప్‌ను అక్కడే తెరిస్తే స్థానం దొరకడానికి చాలాసేపు పట్టింది. నెట్ సాయం లేనప్పుడు ఉపగ్రహం తన కక్ష్య వివరాలను తానే చెప్పాలి, ఆ వివరాలు 30 సెకన్లకోసారి పునరావృతమవుతాయి. చెట్ల కింద మధ్యలో ఒక్క ముక్క తెగినా మళ్ళీ తర్వాతి వంతు దాకా ఆగాలి. అందుకే వాహనం ఆపిన బయలు చోటే యాప్ మొదలుపెట్టి, స్థానం స్థిరపడ్డాక నడక ప్రారంభించాలి. ఆ మాట తెర మీదే రాశాను.

జలపాతం దగ్గరి రాతిగోడ కింద ఇంకో లోపం బయటపడింది. స్థానం ఒక్కసారిగా 60 మీటర్లు పక్కకు దూకింది. సిగ్నల్ రాతికి తగిలి తిరిగి రావడం దీనికి కారణం. ఆశ్చర్యమేమిటంటే, ఆ తప్పు బిందువుకు ఫోను చెప్పిన ఖచ్చితత్వం 9 మీటర్లు. మొదటి వడపోత దాన్ని సంతోషంగా ఒప్పుకుంది. 5 సెకన్లలో 60 మీటర్లు అంటే సెకనుకు 12, వేగపు వడపోత పట్టేసింది. కానీ తప్పు స్థానం అలాగే కొనసాగడంతో 20 సెకన్లయ్యేసరికి అదే 60 మీటర్లు సెకనుకు 3 అయి, హద్దు లోపలికి వచ్చేసింది. దీన్ని ఆపడానికి ఫోనులోని అడుగుల లెక్కను కలిపాను: చివరి బిందువు నుంచి పడిన అడుగులకు 0.9 మీటరు చొప్పున వచ్చే దూరం కన్నా ఎక్కువ జరిగితే బిందువును ఒప్పుకోకూడదు. దీనికి శారీరక కదలికల అనుమతి ప్రత్యేకంగా అడగాలి. అది నిరాకరించినవారికి పాత వడపోతలే నడుస్తాయి.

తిరుగు సమయం లెక్క: సూర్యాస్తమయాన్ని ఫోనులోనే లెక్కగట్టవచ్చు, నెట్ అక్కరలేదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, తిరుపతి 79.4 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు 12 నిమిషాలు ఆలస్యం. అయితే లోయలో గడియారం చెప్పిన అస్తమయానికి చాలా ముందే కొండ నీడ కమ్మేస్తుంది. అందుకే అస్తమయం నుంచి 45 నిమిషాలు తీసేసి, అందులోంచి వచ్చిన దారికి పట్టిన సమయాన్ని మళ్ళీ పూర్తిగా తీసేస్తున్నాను. దిగుడు త్వరగా అవుతుందని తగ్గించడం లేదు. అలసిన కాళ్ళతో తడిసిన రాళ్ళ మీద దిగడం ఎక్కడంకన్నా నెమ్మది.

ఇప్పటిదాకా లెక్క: పరిమాణం పటంతో 4.6 ఎంబీ. బ్యాటరీ గంటకు 5 నుంచి 6 శాతం. ఖర్చు వాన సంచితో కలిపి 430 రూపాయలు.

మిగిలిన పని

1. ఈశాన్య రుతుపవనాల వానల్లో ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఫోను మీద 72 డీపీ బటన్లు సరిపోతాయో లేదో చూడాలి. ఇంట్లో కుళాయి కింద పెట్టి చూస్తే పక్కకు జరిపే సైగ మూడింట ఒక వంతు తప్పుతోంది. పక్కకు జరపడం బదులు తెర కింది సగంలో ఎక్కడ నొక్కినా తర్వాతి అంకె వచ్చే రూపం సిద్ధంగా ఉంది.
2. శ్రీవారి మెట్టు దారి 2021 నవంబరు వానలకు దెబ్బతిని, మరుసటి ఏడాది మే నెలలో తిరిగి తెరుచుకుంది. దారి మూసి ఉందని చెప్పే గుర్తు పటంలో ఉండాలి, కానీ నెట్ లేనిచోట అది పాతదైపోవచ్చు. సమాచారం ఏ తేదీదో పక్కనే పెద్ద అక్షరాల్లో చూపించే అమరిక మీద పని చేస్తున్నాను.
3. బారోమీటర్ లేని ఫోన్లకు ఎత్తు లెక్క ఇంకా 100 మీటర్ల దాకా ఎక్కువ చూపుతోంది. అది తగ్గేదాకా వాటిలో ఎక్కిన ఎత్తు తెర కనిపించకుండా ఆపి ఉంచాను.